నకాషిగే గారూ, చనిపోయినవాళ్ళను అంత తొందరగా దాటిపోకండి

‘సోలో లెవెలింగ్’ అనిమే దర్శకులు షున్సుకే నకాషిగే గారికి,

పల్నాడు జిల్లా పిడుగురాళ్ల నుంచి నమస్కారం.

ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. మా ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 అక్టోబరులో మీ దేశంలో విడుదలైనప్పటి నుంచి, మా సినిమాల మీద ఇష్టంతో తెలుగు నేర్చుకుంటున్న జపాన్ అభిమానుల గురించి వింటూనే ఉన్నాం. వాళ్ళలో ఎవరైనా మీకు చదివి వినిపిస్తే సంతోషం. వినిపించకపోయినా నష్టం లేదు. మీ సీజన్ చూసిన మావాళ్ళు చదువుకుంటారు, ఇందులో సగం మాటలు వాళ్ళవే.

మీ రెండో సీజన్ 2025 జనవరి మొదటి వారంలో మొదలై మార్చి ఆఖరున ముగిసింది. మొత్తం 13 భాగాలు. మీ లెక్కలో అది చలికాలం సీజన్. మాకు ఆ మూడు నెలలూ మిరప సీజన్. కోతలు, కల్లాల్లో ఎండబెట్టడం, తాలుకాయలు ఏరడం, టిక్కీలు కుట్టి గుంటూరు యార్డుకు లారీ ఎక్కించడం. రాత్రిపూట కల్లం దగ్గర కాపలా పడుకునేది ఇంట్లో కుర్రాళ్ళే. శనివారం రాత్రి కొత్త భాగం రాగానే దుప్పటి నెత్తి మీదికి లాక్కుని ఫోన్లో చూసేవాళ్ళు. ముందు జపనీస్ మాటలు వింటూ, కింద ఇంగ్లీషు అక్షరాల వెంట పరుగెత్తుతూ. తర్వాత తెలుగు డబ్బింగ్ వచ్చాక అదే భాగాన్ని ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి చూపించేవాళ్ళు. నేను ఇక్కడొక సున్నం మిల్లులో లెక్కలు రాస్తాను. సోమవారం పొద్దున మిల్లు ఎదురుగా టీ బండి దగ్గర జరిగే చర్చకు వెళ్ళడం నాకు జీతం లేని రెండో ఉద్యోగం.

సీజన్ అయిపోయిన వారమే రాస్తే ఈ ఉత్తరం వేరేగా ఉండేది. అప్పుడు అందరూ ఆఖరి పోరాటం మత్తులో ఉన్నారు. ఆ తర్వాత మావాళ్ళు మొదటి నుంచీ మళ్ళీ తెలుగులో చూశారు. ఒకప్పుడు ఈలలు వేసిన చోట ఊరుకున్నారు, ఊరుకున్న చోట ఆగి వెనక్కి తిప్పుకుని చూశారు. వేడి మీద చెప్పే తీర్పు ఒకటి, చల్లారాక మిగిలే తీర్పు ఒకటి. నేను రాస్తున్నది రెండోది.

మేం ఈ వ్యవహారానికి కొత్తవాళ్ళం అనుకోకండి. డోరేమాన్, షిన్‌చాన్ కేబుల్ టీవీలో తెలుగు మాట్లాడుతుంటే అన్నం తిన్న తరం మాది. నోబితా మాకు పక్కింటి మొద్దబ్బాయి. షిన్‌చాన్ మాటలు నేర్చుకుని పెద్దవాళ్ళ చేత తన్నులు తిన్నవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. తర్వాత సోనీ యే ఛానల్లో నరుటో తెలుగులోకి వచ్చాడు. ఇప్పుడు అనిమేలు చూపించే క్రంచీరోల్ పుణ్యమా అని మీ కథానాయకుడు జిన్‌వూ వచ్చాడు. ఇవన్నీ జపాన్‌లో తయారైనవని చిన్నప్పుడు మాలో చాలామందికి తెలియనే తెలియదు. బొమ్మలు తెలుగు మాట్లాడుతున్నాయి కాబట్టి తెలుగువే అనుకున్నాం.

ముందు మెచ్చుకోలు చెబుతాను. పోరాటాలు తీయడంలో మీకు వంక పెట్టేవాడు మా టీ బండి దగ్గర ఇంతవరకు పుట్టలేదు. మొదటి రెండు భాగాల్లో, రాక్షసులుండే చోటికి తెరుచుకునే ఎర్రగేటు లోపలి మంచు అడవి, ఆ తెల్లటి వెలుగులో జిన్‌వూ చంపిన శత్రువులు నల్లటి నీడలుగా, అతని సైనికులుగా లేచి నిలబడటం ఒక్కటి చాలు. మెరుపులు కురిపించే రాక్షస రాజు బారాన్‌తో తలపడిన ఘట్టం చూసి, పిడుగులు చూడాలంటే మన ఊరివాళ్ళకే చెల్లిందిరా అని ఒకాయన జోకు వేశాడు. హిరోయుకి సవానో గారి సంగీతం మా ట్రాక్టర్ల స్పీకర్లలో మోగింది. ఇంటర్ చదివే పిల్లలు జిన్‌వూ రోజువారీ పరీక్ష చూసి వంద దండీలు, వంద గుంజీలు మొదలుపెట్టారు. పది కిలోమీటర్ల పరుగు దగ్గర మాత్రం ఆగిపోయారు. సున్నం బట్టీల పొగలో పరుగెత్తడం జిన్‌వూ వల్ల కూడా కాదు, అది వేరే సంగతి.

జేజు దీవిలో చీమల రాజుతో జరిగిన పోరాటం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మనుషుల్ని తిని మాటలు నేర్చుకున్న ఒక పురుగు, మనుషుల రాజువి నువ్వేనా అని అడగడంలో ఉన్న భయాన్ని మీరు గొప్పగా పట్టుకున్నారు. మీ యానిమేటర్ల చేతులకు దణ్ణం.

ఇక అసలు సంగతి.

మొదటి సీజన్‌లో మా జనం జిన్‌వూకు అతుక్కుపోయింది అతను బలవంతుడైనందుకు అనుకుంటే పొరపాటు. ఇ ర్యాంకు వేటగాడు. ఎస్ అన్నిటికన్నా పై ర్యాంకు, ఇ అన్నిటికన్నా కిందిది. తల్లి మెలకువ రాని నిద్రలో ఆసుపత్రి మంచం మీద ఉంది. చెల్లెలి చదువు తన నెత్తి మీద ఉంది. వేటకు వెళ్ళకపోతే ఆసుపత్రి ఖర్చు కట్టేవాడు లేడు. వెళితే ప్రాణం మీదికి వస్తుంది. దెబ్బలు తగిలించుకుని బయటికి వచ్చి, దొరికిన చిన్న రాయి ఏపాటి చేస్తుందో చూసుకునే కుర్రాణ్ణి మీరు చూపించారు. ఈ కథ మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆసుపత్రి బిల్లు కోసం ఎకరం అమ్మిన ఇళ్ళు, కాలేజీ ఫీజు కోసం బంగారం కుదువ పెట్టిన ఇళ్ళు మా చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా కనిపిస్తాయి.

‘సిస్టం’ అనే కనిపించని శక్తి అతనికి బలం ఇచ్చాక చుట్టూ జనం తీరు మారడం కూడా మాకు తెలిసిన విషయమే. నిన్నటిదాకా ఏరా, ఒరేయ్ అన్నవాళ్ళు, ర్యాంకు మారిందని తెలియగానే సార్ అంటారు, కుర్చీ వేస్తారు. పల్లెల్లో మిరప రెండేళ్ళు కలిసొచ్చినవాడికి జరిగే మర్యాద అచ్చం ఇలాగే ఉంటుంది. రెండేళ్ళు పోతే మళ్ళీ ఒరేయ్.

మీ సీజన్ సగంలో ఉండగానే మాకు ఆ పోయే ఏడాది వచ్చింది. అంతకుముందు ఏడాదుల్లో క్వింటా 20 వేలు దాటి పలికిన మిరప, 2025 ఫిబ్రవరి నాటికి కూలి ఖర్చులు కూడా రాని ధరకు దిగింది. రైతులు యార్డు దగ్గర ఆందోళన చేశారు. చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధరను, 2.58 లక్షల టన్నుల పరిమితితో ప్రకటించింది. ఆ రోజుల్లో టీ బండి దగ్గర జిన్‌వూ సంగతి ఎత్తితే ఒక రైతు కొడుకు అన్నాడు: “మనదంతా ఇ ర్యాంకే కదన్నా. మనకి ఆ సిస్టం ఎప్పుడొస్తదో.” అందరం నవ్వాం. నవ్విన వెంటనే ఎవరూ మాట్లాడలేదు.

నకాషిగే గారూ, రెండో సీజన్‌లో ఆ ఇ ర్యాంకు కుర్రాడు మెల్లమెల్లగా కనిపించకుండా పోయాడు. ముఖం కోసుదేలింది, భుజాలు వెడల్పయ్యాయి, కోటు వచ్చింది. అది కథలో ఉన్నదే, దానికి మిమ్మల్ని అనడం లేదు. కానీ డబ్బు లెక్క పోయింది, భయం పోయింది, ఓడిపోతాడేమోనన్న అనుమానం పోయింది. గేటులోకి అడుగు పెడుతుంటేనే గెలిచి వస్తాడని తెలిసిపోతుంటే, ఎంత అందంగా కొట్టాడో చూడటమే మాకు మిగిలింది. మా కుర్రాళ్ళలో సగం మందికి అది చాలు. “కొడుతుంటే చూడటానికి బాగుందా లేదా, అది చెప్పన్నా” అంటారు. బాగుంది. ఒప్పుకుంటున్నాను. బాగున్నదంతా మనసులో నిలవదు, అంతే.

నిలిచినది ఒకటుంది. రాక్షస కోట పై అంతస్తుల దాకా పోరాడి, రాక్షస రాజు రక్తంతో సహా మూడు దినుసులూ సంపాదించి, జిన్‌వూ తల్లిని లేపే మందు తయారుచేసుకుని ఆసుపత్రికి వెళతాడు. తల్లి కళ్ళు తెరుస్తుంది. ఆ గదిలో ఆ కోసుముఖం వెనకనుంచి పాత పిల్లాడు బయటికి వచ్చాడు. ఒక్క కత్తి లేదు, ఒక్క నీడ లేదు, సంగీతం కూడా తగ్గి కూర్చుంది. కార్టూన్లు చూసే వయసా అని మమ్మల్ని తిట్టే ఆడవాళ్ళు ఆ ఒక్క ఘట్టానికి వంటింట్లోంచి వచ్చి నిలబడి చూశారు. మా అమ్మ అయితే “ఇంకోసారి పెట్టరా” అంది. పోరాటాలకు ఎప్పుడూ ఆ మాట అనలేదు.

నా లెక్కలో మీ రెండో సీజన్ అక్కడే అయిపోయింది. అప్పటిదాకా ఏ పోరాటానికైనా ఒక కారణం ఉంది: అమ్మ. ఆమె లేచాక మిగిలిన నాలుగు భాగాలు జేజు దీవివి. అద్భుతంగా తీశారు. కానీ అవి ఎందుకు అన్న ప్రశ్నకు జిన్‌వూ దగ్గర పాత జవాబు లేదు, కొత్త జవాబు మీరు ఇవ్వలేదు.

జేజు గురించి కాస్త ఎక్కువే మాట్లాడాలి. మాకూ మీకూ తేడా వచ్చిన చోటు అదే.

ఆ దీవిలో చీమలు జనాన్ని తరిమేసి నాలుగేళ్ళయింది. మూడుసార్లు దాడికి వెళ్ళి ఓడిపోయారు. మూడోసారి తోటివాణ్ణి పోగొట్టుకుని వేటే మానేసిన మనిషి ఒకడున్నాడు, వైద్యం చేసే వేటగాడు మిన్ బ్యుంగ్‌గ్యూ. నాలుగోసారి వెళ్ళనన్నవాడు స్నేహితుల కోసం మనసు మార్చుకుని వెళతాడు. వెళ్ళి చీమల రాజు చేతిలో పోతాడు. జిన్‌వూ వచ్చేసరికి ఆలస్యమైపోయింది. చావుబతుకుల్లో ఉన్న తోటి వేటగత్తె చా హేయిన్‌ను బతికించడానికి జిన్‌వూ ఆ చనిపోయినవాడి నీడను లేపి, అతని చేతనే వైద్యం చేయిస్తాడు. తర్వాత కావాలంటే ఆ నీడను తన సైన్యంలో ఉంచుకోవచ్చు. ఎస్ ర్యాంకు వైద్యుడు చేతిలో ఉంటే ఏ రాజుకైనా లాభమే. ఉంచుకోలేదు. వదిలేశాడు.

నీడల రాజు అనిపించుకున్నవాడు ఒక నీడను వద్దనుకోవడం, మొత్తం సీజన్‌లో జిన్‌వూ చేసిన అతి పెద్ద పని అదేనని నా అభిప్రాయం. చీమల రాజును చంపడం దాని ముందు చిన్నది. కానీ మీరు ఆ క్షణానికి ఎంత సేపు ఇచ్చారు? మేం ఊపిరి తీసుకునేలోపు ఆ చీమల రాజే నీడగా లేచి మోకాళ్ళ మీద కూర్చుంది, దానికి బెరు అని పేరు పెట్టేశారు. చంపినవాడు కొలువులో చేరాడు, చచ్చినవాడు గాల్లో కలిసిపోయాడు. మళ్ళీ చూసినప్పుడు మా అమ్మ అడిగింది: “ఆ వైద్యం చేసినతని పేరేంది?” ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. సోమవారం టీ బండి దగ్గర అడిగాను. బెరు పేరు, ఇగ్రిస్ పేరు, ఆఖరికి మంచు ఎలుగుబంటి నీడ పేరు కూడా ఠక్కున చెప్పినవాళ్ళు ఈ పేరు దగ్గర తడుముకున్నారు. తప్పు వాళ్ళది కాదు. మీరు గుర్తుండేలా తీయలేదు.

ఇదేమంత పెద్ద నేరమని మీకు అనిపించవచ్చు. మా నేల సంగతి చెబితే అర్థమవుతుంది.

మా ఊరికి దగ్గర్లోనే కారంపూడి ఉంది. పన్నెండో శతాబ్దంలో సవతి అన్నదమ్ముల మధ్య పల్నాటి యుద్ధం జరిగిన చోటు. ఒకవైపు గురజాల నలగామరాజు, ఆయన మంత్రి నాయకురాలు నాగమ్మ. మరోవైపు మాచర్ల మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు వలస, ఆ తర్వాత రాయబారం విఫలం, ఆ తర్వాత నాగులేటి ఒడ్డున యుద్ధం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు కుర్రతనంలోనే యుద్ధానికి వెళ్ళి చనిపోయాడు. బాలచంద్రుడు నెపం పెట్టి వెనక్కి పంపితే ప్రాణం తీసుకున్న స్నేహితుడు అనపోతు కథ కూడా మా వాళ్ళకు తెలుసు. కులం తక్కువని ఎవరూ దగ్గరికి రానివ్వని రోజుల్లో సేనాపతిగా నిలబడ్డ కన్నమదాసు పేరు తెలుసు. ఎవరు గెలిచారని అడిగితే మాత్రం మావాళ్ళు కాస్త ఆలోచిస్తారు. గెలుపు గురించి చెప్పుకోవడానికి ఆ కథలో పెద్దగా ఏమీ లేదు.

ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు కారంపూడిలో వీరుల ఉత్సవం చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకూ ఒక్కో పేరు. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని నాగులేటి దగ్గరికి తీసుకువెళ్ళి స్నానం చేయించి పూజిస్తారు. వీరవిద్యావంతులు రాత్రంతా కథ పాడతారు. అరవై ఆరుగురు వీరనాయకులంటారు. వాళ్ళు చచ్చిపోయి ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. శ్రీనాథుడు ఆ కథను ద్విపదలో రాశాడు, 1947లోనూ 1966లోనూ సినిమాలుగా తీశారు. అయినా అసలు కథ బతికింది ఆ రాత్రిళ్ళు పాడేవాళ్ళ గొంతుల్లోనే. ఇక నాగమ్మ సంగతి తీస్తే, ఆమెను తిట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆమె తరఫున వాదించేవాళ్ళూ అంతమంది ఉన్నారు. శత్రువుకు కూడా ఒక వాదన ఉంచిన కథ అది.

మీ సిరీస్‌లో గేట్లు, వాటి లోపల నేలమాళిగలు చూసినప్పుడల్లా మా పిల్లలు గుత్తికొండ బిలం పేరెత్తేవాళ్ళు. పిడుగురాళ్ల మండలంలోదే ఆ గుహ. లోపల దారులు చీలిపోయి ఉంటాయి, అడుగున నీళ్ళు ఉంటాయి. యుద్ధం ముగిశాక, కొడుకూ స్నేహితులూ అందరూ పోయాక, బ్రహ్మనాయుడు రాజ్యాన్ని వదిలేసి ఆ బిలంలోకి వెళ్ళిపోయాడని చెబుతారు. మీ హీరో గుహలోకి వెళ్ళిన ప్రతిసారీ ఇంకొంచెం బలం పెంచుకుని బయటికి వస్తాడు. మా పెద్దాయన ఒక్కసారి వెళ్ళాడు, తిరిగి రాలేదు. పోగొట్టుకున్నదాని బరువు ఎంతో ఆ ఒక్క అడుగు చెబుతుంది.

అలాగని మీ జిన్‌వూ కూడా గుహలో కూర్చుని ఏడవాలని నేను అనడం లేదు. మూలకథ ఎటు వెళుతుందో మాకు తెలుసు. వెబ్‌టూన్ చదివి రాబోయే ఘట్టాలన్నీ ముందే చెప్పేసి తన్నులు తినేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. మూలకథలో ఉన్నదాన్ని మీరు మార్చలేరు. కానీ ఎక్కడ ఆగాలో, ఎక్కడ పరుగెత్తాలో దర్శకుడి చేతిలోనే ఉంటుంది. తల్లి లేచిన చోట ఆగారు కదా. అలా ఆగడం మీకు తెలుసు.

ఆగినవాళ్ళకు ఏం దక్కిందో చూడండి. మీ మొదటి సీజన్ ముగిసిన 2024 మార్చిలోనే ‘ఫ్రీరెన్’ మొదటి సీజన్ కూడా ముగిసింది. రాక్షస రాజును ఓడించడం అయిపోయిన తర్వాత మొదలయ్యే కథ అది. మొదటి భాగంలోనే వీరుడు హిమ్మెల్ ముసలివాడై చనిపోతాడు. అతని అంత్యక్రియల దగ్గర, ఇన్నాళ్ళూ ఇతన్ని తెలుసుకోవడానికి ఎందుకు ప్రయత్నించలేదా అని వేల ఏళ్ళు బతికే ఫ్రీరెన్ ఏడుస్తుంది. ఆ తర్వాత ఆమె ప్రయాణమంతా అతని గుర్తుల మీదే నడుస్తుంది. 2025 మే నెలలో టోక్యోలో క్రంచీరోల్ అవార్డులు ఇచ్చినప్పుడు, ఏడాది ఉత్తమ అనిమేగా మీ సోలో లెవెలింగ్ గెలిచింది, ఫ్రీరెన్‌కు ఆ బహుమతి దక్కలేదు. ఆ రోజు మా కుర్రాళ్ళు స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. అయినా ఓటు నా చేతిలో ఉంటే ఫ్రీరెన్‌కే వేసేవాణ్ణి, మీకు చెప్పడానికి మొహమాటం ఏముంది.

ఫ్రీరెన్ నెమ్మదైన కథ, పోరాటాల సిరీస్‌తో పోలికేమిటని మీరు అడగవచ్చు. సరే, పోరాటాలదే తీసుకుందాం. 2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ మా దేశంలో తెలుగుతో సహా పలు భాషల్లో థియేటర్లకు వచ్చింది. మావాళ్ళు గుంటూరు వెళ్ళి చూశారు. తిరిగి వచ్చాక ఎవరి గురించి మాట్లాడారో తెలుసా? అకాజా గురించి. హీరో మీదికి వచ్చే రాక్షసుడు. మనిషిగా ఉన్నప్పుడు జబ్బుపడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన పిల్లవాడని, కొడుకు దొంగ కావడం తట్టుకోలేక ఆ తండ్రి ప్రాణం తీసుకున్నాడని పోరాటం మధ్యలో ఆపి మరీ చెబుతారు. పోరాటం వేగం తగ్గిందని కొందరు గొణిగారు. కానీ హాల్లోంచి బయటికి వచ్చేటప్పుడు వాళ్ళ కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. తండ్రి మందుల కోసం దొంగ అయిన పిల్లవాడు, తల్లి ఆసుపత్రి ఖర్చు కోసం వేటగాడైన పిల్లవాడు, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. ఒకడి కథను ఆ సినిమా తీసిన యూఫోటేబుల్ వాళ్ళు ఆఖరిదాకా మరిచిపోలేదు. మీరు సగంలో మరిచిపోయారు.

ఇంకో మాట అడగాలి, అడగడానికి కాస్త బెరుకుగానే ఉంది. జేజు ఘట్టంలో కొరియా వేటగాళ్ళను చావుకు వదిలేయాలని పన్నాగం పన్నేది జపాన్ బృందం, వాళ్ళ నాయకుడు గోటో ర్యూజీ. మీ దేశంలో ప్రసారమైన రూపంలో మాత్రం జిన్‌వూ పేరు మిజుషినో షున్, ఊరు టోక్యో, పన్నాగం పన్నిన దేశం డీఎఫ్ఎన్ అనే లేని దేశం. మేం చూసినది కొరియా పేర్లున్న రూపం. సొంత జనం నొచ్చుకుంటారని పేర్లు మార్చుకోవడం మాకు బాగా తెలిసిన విద్య. మా సినిమాల్లోనూ ముందు ఒక కార్డు వేసి ఈ పాత్రలు కల్పితాలంటారు. దానికి తప్పు పట్టను. నా ఫిర్యాదు వేరే. ఏ దేశం పేరు పెట్టినా ఆ గోటో వట్టి దుర్మార్గుడుగానే మిగిలాడు. పొగరు చూపించడానికి వచ్చాడు, తల తెగి పడటానికి వచ్చాడు. అతని బృందంలో పోయినవాళ్ళు ఎవరో, ఇంటి దగ్గర వాళ్ళకోసం ఎవరు చూస్తున్నారో ఒక్క ముక్క లేదు. నాగమ్మకు మా కథకులు ఉంచిన పాటి వాదన గోటోకు మీరు ఉంచలేకపోయారు.

చివరగా, డుబు అన్న పేరుతో బొమ్మలు గీసిన మనిషిని తలుచుకోవాలి. చుగాంగ్ రాసిన నవలకు వెబ్‌టూన్ రూపం ఇచ్చిన చిత్రకారుడు జాంగ్ సుంగ్‌రాక్ 2022 జులైలో చిన్న వయసులోనే కన్నుమూశారు. మీ మొదటి భాగం ప్రసారమైంది 2024 జనవరిలో. తాను గీసిన జిన్‌వూ కదలడం, మాట్లాడటం, ఆ నీడలు లేవడం ఆయన చూడనే లేదు. మావాళ్ళలో బొమ్మలు గీసే కుర్రాడొకడు తన నోట్‌బుక్ మొదటి పేజీలో ఆయన పేరు రాసుకున్నాడు. జిన్‌వూకు ఆ ముఖం ఇచ్చిన మనిషి పోయాక ఆ ముఖాన్ని ముందుకు నడిపించే బాధ్యత మీకు వచ్చింది. లేనివాళ్ళ లెక్క మీకు నా కన్నా బాగా తెలిసి ఉండాలి.

కాబట్టి మూడో సీజన్ తీసేటట్టయితే మా విన్నపం వినండి. పోరాటాల్లో ఒక్కటి తగ్గించినా మేం అలగం. ఆ సమయాన్ని జేజు నుంచి తిరిగి రాని వాళ్ళ ఇళ్ళకు ఇవ్వండి. తల్లి లేచాక ఆ ఇంట్లో అన్నం ఎలా తిన్నారో, కొడుకు ఇలా మారిపోయాడని ఆ తల్లికి ఎప్పుడు అర్థమైందో చూపించండి. జిన్‌వూను ఏదైనా ఒకటి పోగొట్టుకోనివ్వండి, పోగొట్టుకున్నాక కాసేపు అక్కడే నిలబడనివ్వండి. డబ్బు లెక్కలు వేసుకునే ఆ పాత అలవాటు ఒక్కసారైనా బయటపడనివ్వండి. అన్నిటికన్నా ముందు, మొదటి భాగంలోనే ఎవరో ఒకరి నోట మిన్ బ్యుంగ్‌గ్యూ పేరు పలికించండి. జపనీస్‌లో పలికిస్తే తెలుగులోకి అదే వస్తుంది. మా అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు మీ సిరీసే చెప్పాలి.

ఇట్లు,
పిడుగురాళ్ల నుంచి ఒక ప్రేక్షకుడు